సవరం కొనేముందు, పెట్టేముందు

ముహూర్తాలు మొదలయ్యాయంటే పార్లరు నడిపే అమ్మాయికి ఫోన్లో ముందు వచ్చేది జడ గురించిన ప్రశ్నే. "మా పాపకి జుట్టు పల్చన అమ్మా. నడుం దాకా జడ రావాలి. ఒరిజినల్ జుట్టే పెట్టాలి. ఎంతవుద్ది?" అని అవతల తల్లి అడుగుతుంది. ఇవతల చాలామంది ఠక్కున ఒక రేటు చెప్పేస్తారు. తర్వాత వచ్చే పేచీలన్నిటికీ మూలం ఆ తొందరే. జడ ఒక్కరోజుకా, రోజూ వాడుకోడానికా? అమ్మాయి సొంత జుట్టు ఎంతుంది, ఏ స్థితిలో ఉంది? తలకు నూనె పెడుతుందా? ఈ మూడూ అడక్కుండా చెప్పిన రేటు మీకైనా నష్టం తెస్తుంది, వాళ్ళకైనా తెస్తుంది.

సొంతంగా పార్లరు పెట్టుకున్నవాళ్ళు, పెళ్ళిళ్ళకు ఇళ్ళకెళ్ళి మేకప్ చేసేవాళ్ళు, పెద్ద సెలూన్లో జీతానికి చేరి ఎక్స్‌టెన్షన్ల పని నేర్చుకుంటున్నవాళ్ళు, వీళ్ళందరికీ పనికొచ్చే సంగతులివి. తగిలించడం కొన్నాళ్ళ సాధనతో చేతికొస్తుంది. జుట్టును చేత్తో పట్టుకుని అది ఏ రకమో చెప్పగలగడం మాత్రం అంత తొందరగా రాదు. ఈ పనిలో డబ్బు మిగిలేదీ, పోయేదీ అక్కడే.

ముందుగా, ప్యాకెట్ మీద రాసినదాన్ని నమ్మడం మానేయాలి. "నూరు శాతం హ్యూమన్ హెయిర్", "రెమీ", "వర్జిన్", "10ఏ గ్రేడ్", "12ఏ గ్రేడ్" అని బంగారు అక్షరాలతో అచ్చు వేస్తారు. ఈ గ్రేడ్లను తనిఖీ చేసి ముద్ర వేసే సంస్థ ఏదీ లేదు. ఒక దుకాణంలో 8ఏ అన్న సరుకు పక్క దుకాణంలో 12ఏ అవుతుంది. వర్జిన్ అంటే రంగు, పర్మ్, స్ట్రెయిటెనింగ్ లాంటి మందులేవీ తగలని జుట్టు. రెమీ అంటే మొదళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉండేలా సేకరించి, పైపొర చెడకుండా ఉంచిన జుట్టు. ఈ రెండింటికీ అర్థాలు ఉన్నాయి, కానీ ప్యాకెట్ మీద ఆ మాట రాసినంత మాత్రాన లోపల ఆ సరుకే ఉంటుందని హామీ లేదు.

మొదలు, కొస అని ఎందుకింత పట్టింపు? వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి సన్నని పొర ఉంటుంది, దాన్నే క్యూటికల్ అంటారు. పొలుసుల అంచులు కొసవైపు తిరిగి ఉంటాయి. పది వెంట్రుకలు ఒకే దిశలో ఉంటే ఒకదాని మీదుగా ఒకటి జారిపోతాయి. సగం ఇటూ సగం అటూ ఉంటే పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కు పడతాయి. సవరంలో పుట్టే బాధల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది.

ఆ జుట్టు ఎక్కణ్ణుంచి వస్తుందో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. అన్నిటికంటే పొడవైనది మొదటి రకం; 5 అంగుళాల లోపుది అట్టడుగు రకం; తెల్లజుట్టుది వేరే లెక్క. పొడవాటి జుట్టును కట్టగా పట్టి ఒక్కసారిగా తీస్తే మొదలూ కొసా కలవవు. రెండో దారి మన వీధుల్లోనిది. దువ్వెనకు వచ్చిన జుట్టు ఉండచుట్టి గూట్లో దాచి, వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం మన అమ్మమ్మలకు, అమ్మలకు తెలిసిన బేరమే. ఆ చిక్కు వెంట్రుకలూ మూటలుగా కట్టుకుని ఇదే వ్యాపారంలోకి చేరతాయి. వాటిని చేత్తో విడదీసి, ఇనుప ముళ్ళ పలకల మీద దువ్వి, పొడవుల వారీగా కట్టలు కడతారు. ఏలూరు, కర్ణాటకలో కొప్పళ పక్కనున్న భాగ్యనగర్, పశ్చిమ బెంగాల్లో ముర్షీదాబాద్ జిల్లా ఈ పనికి పేరున్న చోట్లు. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

రాలిన జుట్టులో మొదళ్ళు అటూ ఇటూ కలిసిపోయి ఉంటాయి. చిక్కు పడకుండా చేయాలంటే పొలుసు పొరనే తీసేయాలి. అందుకని యాసిడ్ స్నానం చేయించి, పైన సిలికాన్ పూత పూస్తారు. దుకాణంలో చూస్తే అచ్చం పట్టుకుచ్చులా జారుతుంది. నాలుగైదు తలస్నానాలకు పూత పోతుంది. అప్పటిదాకా అద్దంలా మెరిసిన జుట్టు కొబ్బరిపీచులా తయారవుతుంది. మొదటిరోజు మరీ ఎక్కువ మెరిసే మనిషి జుట్టును నేనైతే అనుమానంతోనే చూస్తాను. మంచి జుట్టుకు కాస్త గరుకూ, కాస్త అసమానతా ఉంటాయి. ఒక్కో పాయలో ఒకటీ అరా ఎర్రటి వెంట్రుకలు కూడా కనిపిస్తాయి.

ఇక చేతి పరీక్షలు. కట్టలోంచి ఒక్క వెంట్రుక లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టుకోండి. వెంట్రుక పొడవు వెంబడే రెండు వేళ్ళనూ పైకీ కిందికీ మెల్లగా రుద్దండి. పొలుసు ఉన్న వెంట్రుక ఊరుకోకుండా, ఎవరో లాగుతున్నట్టు ఒకవైపే పాకుతుంది. అది పాకేది మొదలు ఉన్న వైపుకే. ఇలా కట్టలో వేర్వేరు చోట్ల నుంచి పది వెంట్రుకలు తీసి, పైవైపు ఏదో గుర్తు తప్పిపోకుండా పట్టుకుని చూడండి. అన్నీ ఒకే వైపుకు పాకితే దిశ కలిసిన జుట్టు. కొన్ని పైకీ కొన్ని కిందికీ పోతే కలగాపులగం. ఏదీ కదలకపోతే పొలుసు తీసేసి పూత పూసిన జుట్టో, ప్లాస్టిక్కో అయ్యుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు, దుకాణదారు ముందే చేయొచ్చు. మీరు అలా రుద్దుతూ నిలబడటం చూస్తే చాలు, మాట్లాడే రేటు మారిపోతుంది.

కాల్చి చూడటం అందరికీ తెలిసిందే. నాలుగు వెంట్రుకలు పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మంట దగ్గర పెట్టండి. మనిషి జుట్టు చిటపటమని ముడుచుకుపోయి కాలుతుంది, ఈకలు కాలిన కంపు వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతుంది. సింథటిక్ కరుగుతుంది, ప్లాస్టిక్ వాసన వస్తుంది, చల్లారాక కొసన గట్టి పూస మిగులుతుంది. అయితే ఈ పరీక్ష ప్లాస్టిక్ అవునో కాదో మాత్రమే చెబుతుంది. మేక జుట్టు కలిపినా వాసన అలాగే ఉంటుంది, పొలుసు తీసిన జుట్టూ అలాగే కాలుతుంది. పైగా చాలా సరుకులో మనిషి జుట్టూ సింథటిక్కూ కలిపి కుడతారు. వెఫ్ట్‌ను, అంటే అడ్డంగా కుట్టిన జుట్టు పట్టీని, మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్లా చూడాలి. పైవరస మంచిదీ లోపలి వరస నాసిదీ పెట్టడం పాత మోసం.

అసలు పరీక్ష మాత్రం తలంటే. కొత్త దుకాణం నుంచి మొదటిసారి కొంటుంటే ఒక్క కట్టే తీసుకుని, సన్నటి పాయ ఒకటి విడదీసి, షాంపూతో నాలుగుసార్లు కడిగి ప్రతిసారీ నీడన ఆరబెట్టండి. నాలుగో కడుగు తర్వాత కొసల దగ్గర చేయి పెడితే రహస్యం బయటపడుతుంది. చిక్కు కట్టిందంటే ఆ దుకాణం మొహం మళ్ళీ చూడక్కర్లేదు. బాగుంటే అప్పుడు పది కట్టలకు ఆర్డరు ఇవ్వండి.

కొనేటప్పుడు ఇంకో రెండు చూడాలి. ఒకటి బరువు. జుట్టు గ్రాముల లెక్కన అమ్ముతారు కాబట్టి వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి వెంట తీసుకెళ్ళండి. క్లిప్పులు, కుట్టు, రబ్బరు, ప్యాకింగ్ అట్ట కలిపి చూపించే 100 గ్రాములూ, జుట్టు ఒక్కటే 100 గ్రాములూ ఒకటి కావు. రెండోది కొస. కట్ట మొదట్లో బొద్దుగా ఉండి కిందికి వచ్చేసరికి ఎలుకతోకలా సన్నబడితే అది సింగిల్ డ్రాన్, పొట్టి వెంట్రుకలు ఎక్కువ కలిసినది. పైనా కిందా దాదాపు ఒకే మందం ఉంటే డబుల్ డ్రాన్. రెండోది ఖరీదు ఎక్కువే, కానీ విరబోసుకునే జుట్టుకు అదే కావాలి. జడ అల్లేసే పనికైతే సింగిల్ డ్రాన్ చాలు. అల్లిన జడ ఎలాగూ కిందికి సన్నబడాల్సిందేగా.

పొడవు పెరిగేకొద్దీ ధర ఎందుకు ఎగబాకుతుందో గిరాకీకి చెప్పగలగాలి. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. 24 అంగుళాల కట్ట అంటే ఎవరి తల మీదో నాలుగేళ్ళు పెరిగిన జుట్టు. 12 అంగుళాలదానికి అది రెట్టింపు ధర అయితే చవకే అనుకోవాలి. ముడి జుట్టు విదేశాలకు స్వేచ్ఛగా పోకుండా కేంద్రం 2022 జనవరిలో ఎగుమతిపై ఆంక్ష పెట్టింది. ముడిసరుకు సరిహద్దులు దాటి పోతుంటే ఇక్కడి యూనిట్లలో పనివాళ్ళ చేతులు ఖాళీగా ఉంటున్నాయని ఆ పరిశ్రమవాళ్ళు అప్పటికే మొత్తుకుంటున్నారు. ఏలూరు లాంటి చోట్లకు దగ్గర్లో ఉన్నవాళ్ళు నేరుగా శుద్ధి చేసే యూనిట్‌తో మాట్లాడుకుంటే, మధ్యలో రెండు చేతులు మారిన సరుకు కన్నా నయంగా దొరుకుతుంది. "తిరుపతి జుట్టు" అని చెప్పి ఎక్కువ అడిగేవాణ్ణి మాత్రం నమ్మకండి. కట్ట మీద ఊరి పేరు రాసుండదు కదా.

సింథటిక్ అంటే చులకనగా చూడటం మనవాళ్ళకు అలవాటు. అది సరికాదు. బేగంబజార్‌లో డజన్ల లెక్కన దొరికే నల్లటి సవరాల్లో చాలావరకు ప్లాస్టిక్ దారాలే, నిజమే. కానీ అందులోనూ తరగతులున్నాయి. జపాన్‌కు చెందిన కనెకా కంపెనీ తయారుచేసే కనెకలాన్ అనే మోడాక్రిలిక్ దారం చాలాకాలంగా పేరున్నది, తేలిక, అల్లితే నిలుస్తుంది. వేడి తట్టుకునే రకాలు వేరే ఉన్నాయి, వాటి మీద ఎంత వేడి దాకా ఓర్చుకుంటుందో రాసి ఉంటుంది. ఆ అంకె లేకపోతే ఇస్త్రీ రాడ్డు దగ్గరికి తీసుకురావద్దు, క్షణంలో కరిగి రాడ్డుకే అంటుకుంటుంది. సింథటిక్‌కు రంగు వేయలేరు, కొన్న రంగే ఖాయం. వానకూ చెమటకూ చెక్కుచెదరదు. రెండు గంటలు స్టేజీ మీద చెమటోడ్చే కూచిపూడి నర్తకి జడకు మనిషి జుట్టు సవరం పెట్టమని నేను చెప్పను.

సింథటిక్‌తో జాగ్రత్త ఒకటుంది. కొత్త సవరం పెట్టుకున్న కాసేపటికే మెడ వెనక దురద అని కొందరు అంటారు. దారం మీద కర్మాగారంలో పట్టించిన రసాయనం దానికి కారణం కావచ్చు. కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళలో ఓ అరగంట నానబెట్టి, మంచినీళ్ళతో జాడించి, ఆరేసి వాడితే చాలామందికి దురద తగ్గుతుంది. 2025లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ జడలు అల్లుకునే సింథటిక్ జుట్టు 10 రకాలు పరీక్షిస్తే, అన్నిటిలోనూ క్యాన్సర్ కారక రసాయనాలు, 9 రకాల్లో సీసం కనిపించాయి. అక్కడ దాన్ని వారాల తరబడి తలకు ఉంచుకుంటారు. మన పెళ్ళి జడ ఒక పూట ముచ్చట, దానికీ దీనికీ పోలిక లేదు. అయినా మీ చేతులు రోజూ ఆ దారాల్లోనే ఉంటాయి, పని అయ్యాక సబ్బుతో కడుక్కునే అలవాటు చేసుకోండి.

పెళ్ళి జడ దగ్గరకు వద్దాం, మనవాళ్ళకు తిండి పెట్టేది అదే కాబట్టి. ఒక్కరోజు జడకు మనిషి జుట్టు అమ్మకండి. చేతికి వచ్చే లాభాన్ని వదులుకున్నట్టు అనిపిస్తుంది, కానీ పూలజడ కింద కనపడని జుట్టుకు వేలకు వేలు పోయించుకుంటే ఆ తల్లి ఏడాది తర్వాత చెల్లెలి పెళ్ళికి మీ దగ్గరకు రాదు. మంచి సింథటిక్ సవరం, రంగు కలిసినది చాలు. రంగు కలపడం పగటి వెలుతురులో చేయండి, ట్యూబ్‌లైటు కింద అన్నీ నలుపే. మనవాళ్ళలో ఎక్కువమందికి పడేది సరుకు భాషలో 1బి, అంటే సహజమైన నలుపు. 1 నంబరు కారు నలుపు, రంగు వేసుకునేవాళ్ళకు తప్ప అతకదు. పెళ్ళికూతురు జుట్టు మాడు మీద కాకుండా కొసల దగ్గర ఏ రంగులో ఉందో చూసి, దానికి కలపండి, సవరం కలిసేది అక్కడే.

ఆమె తల మీద పడే బరువు సంగతి ఎవరూ ఆలోచించరు. సవరం, దాని మీద పూలజడ, జడకుచ్చులు, పైన రాకొడి, నాగరం. నీళ్ళు చల్లిన మల్లెలు, చామంతులు అయితే బరువు ఇంకా పెరుగుతుంది. ముందురోజే అన్నీ కలిపి కాటా మీద పెట్టి చూడండి. అంత బరువునూ నడినెత్తిన తీసిన ఒక చిన్న పాయకు కట్టేస్తే సాయంత్రానికి అమ్మాయికి తలనొప్పి, మర్నాటికి ఆ పాయలో సగం చేతిలోకి వస్తుంది. సొంత జుట్టును వెనక తలకట్టు దిగే చోట, జుట్టు ఒత్తుగా ఉన్న భాగంలో గట్టిగా అల్లి, రెండు మూడు మెలికలు పోయాక సవరం కలపండి. పూలజడను సవరానికి కాకుండా మొత్తం అల్లిన జడకు దారంతో మూడు నాలుగు చోట్ల కట్టండి, బరువు పంచుకుంటుంది. తడి జుట్టు మీద ఎప్పుడూ బిగించి కట్టొద్దు. మంగళస్నానం అయ్యాక జుట్టు పూర్తిగా ఆరే దాకా మీరు కూర్చోవాల్సిందే, బంధువులు ఎంత తొందరపెట్టినా.

తెలుగు పెళ్ళిలో తల మీదే జరిగే తంతు ఒకటుంది, బయట ఊళ్ళలో నేర్చుకుని వచ్చినవాళ్ళు మర్చిపోయేది అదే. జీలకర్ర బెల్లం. సరిగ్గా మాడు మీద పెట్టే ఆ ముద్ద వెఫ్ట్ కుట్టులోకో, పఫ్ కింది స్పాంజిలోకో పోయిందంటే వదలదు. అందుకే మాడు మీద అరచేయంత చోటు సొంత జుట్టుతోనే ఉంచి, క్లిప్పులు, పఫ్ దానికి వెనకగా సర్దండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళకు బెల్లం కరుగుతుంది, జీలకర్ర దువ్వెనకు వస్తుంది. తలంబ్రాల బియ్యం జడ అల్లికలో ఇరుక్కుంటాయి, అది పెద్ద సమస్య కాదు. హోమం దగ్గర కూర్చునేటప్పుడు మాత్రం సింథటిక్ జడ ముందుకు వేసుకోవద్దని అమ్మాయికి, పక్కన కూర్చునే తోడిపెళ్ళికూతురికి చెప్పి రండి. వీడియోవాళ్ళ లైట్లకు ప్లాస్టిక్ తళతళలాడుతుంది. కాస్త డ్రై షాంపూ చల్లి దువ్వితే ఆ మెరుపు చస్తుంది.

పరాయివాళ్ళ జుట్టు తలకు పెట్టుకుని పూజలో కూర్చోవడానికి కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. నవ్వకండి, ముందే అడగండి. ఇది మనకొక్కళ్ళకే ఉన్న పట్టింపు కూడా కాదు. 2004లో జెరూసలేంలోని యూదు మతగురువు ఎల్యాషివ్, భారతీయ ఆలయాల్లో అర్పించిన జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని తీర్పు చెబితే, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆడవాళ్ళు వేల డాలర్లు పెట్టి కొన్న విగ్గుల్ని వీధిలో వేసి కాల్చేశారు. తలకు సంబంధించిన నమ్మకంతో వాదన పెట్టుకోవడం మన పని కాదు. అలాంటి ఇంటికి సింథటిక్ అని ముందే చెప్పి పెడితే అందరికీ సుఖం.

రోజూ వాడేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకే మనిషి జుట్టు. ఆఫీసుకు పెట్టుకుని వెళ్ళి రాత్రికి తీసి పెట్టుకునే క్లిప్ రకంతో మొదలుపెట్టమనండి, తలకు అన్నిటికంటే తక్కువ హాని దానితోనే. టేపు రకం ఆరు నుంచి ఎనిమిది వారాలకు తీసి మళ్ళీ అతికించాలి. మైక్రో రింగులు రెండు మూడు నెలలు, కీరటిన్ బాండు మూడు నాలుగు నెలలు నిలుస్తాయి. పెరిగిన సొంత జుట్టుతో పాటు అతుకు కిందికి దిగుతుంది, ఆ గడువు దాటి ఉంచుకుంటే దిగిన అతుకు మెలికలు తిరిగి సొంత జుట్టును తెంపుతుంది. మన దగ్గర వీటన్నిటికీ శత్రువు కొబ్బరినూనె. నూనె తగిలితే టేపు జిగురు రెండు రోజుల్లో జారిపోతుంది, బాండు మెత్తబడుతుంది. వారానికి రెండుసార్లు నూనె పట్టించి కుంకుడుకాయ రసంతో తలంటుకునే అమ్మాయికి టేపు పెట్టడమంటే వచ్చేవారం గొడవను ఇవాళే కొనుక్కోవడం. ఆమెకు క్లిప్ రకం, తలస్నానానికి ముందు తీసేయమని చెప్పండి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువున్న ఊళ్ళలో మనిషి జుట్టు సవరం తొందరగా గట్టిపడుతుంది. చివరి జాడింపు ఫిల్టరు నీళ్ళతో చేసుకోమనండి, ఒక చెంబు చాలు.

కాదనడం కూడా నేర్చుకోవాలి. ప్రసవమైన మూడు నాలుగు నెలలకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు రాలుతుంది, మామూలుగా కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయంలో ఆ బాలింత వచ్చి పలచబడిందని ఏడుస్తూ బాండ్లు పెట్టమంటే పెట్టకండి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నవాళ్ళను, నాణేలంత గుండ్రంగా మచ్చలు పడ్డవాళ్ళను ముందు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు పంపండి. కీమో తర్వాత కొత్తగా మొలుస్తున్న జుట్టుకు క్లిప్పు కూడా వద్దు. మెత్తటి టోపీ మీద కుట్టిన తేలిక విగ్గు ఒక్కటే సరైనది. నుదుటి అంచున, చెవుల పక్కన సన్నటి జుట్టు ఉండేచోట ఏదీ తగిలించకండి. బిగుతుగా లాగిన జుట్టు నెలల తరబడి అలాగే ఉంటే అక్కడ వేర్లు చచ్చిపోతాయి, డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అలొపేసియా అంటారు. ముదిరితే ఆ జుట్టు తిరిగి రాదు. పెట్టిన రాత్రి తల దిండు మీద ఆనకపోతే, కనుబొమలు ఎత్తినప్పుడు నొప్పి పుడితే, మొదళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు లేస్తే, "అలవాటవుతుందిలే" అనొద్దు. మర్నాడే పిలిచి ఊడదీయండి. జిగురు వాడే ఏ రకానికైనా రెండు రోజుల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడటం తప్పనిసరి.

అద్దెకిచ్చే సవరాల విషయంలో పరిశుభ్రతే మీ పేరు నిలబెడుతుంది. ప్రతి వాడకం తర్వాత సన్న పళ్ళ దువ్వెనతో దువ్వి, షాంపూతో కడిగి, నీడన ఆరేసి, సంచిలో మూసిపెట్టి కనీసం వారం ఆగి ఇంకొకరికివ్వండి. తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు కాబట్టి ఆ వారం మిమ్మల్ని కాపాడుతుంది. వరసగా ముహూర్తాలుంటే అందుకే సవరాలు ఎక్కువ కొని పెట్టుకోవాలి. ఒకటే తిప్పుతానంటే కుదరదు.

బిల్లులో జుట్టు ఖరీదు వేరు, మీ చేతి కూలి వేరు చూపించండి. జుట్టు ఏ రకం, ఎన్ని అంగుళాలు, ఎన్ని గ్రాములు అని రాసి సంతకం పెట్టించుకుంటే "ఒరిజినల్ అని చెప్పి మోసం చేశారు" అన్న మాట రాదు. రెండూ కలిపి ఒక్క అంకె చెప్పినవాళ్ళు ఎప్పుడూ కూలి దగ్గరే తగ్గించుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే గిరాకీ దృష్టిలో బేరమాడదగ్గది అదొక్కటే. "వాడిన జుట్టు వెనక్కి తీసుకోము" అని బోర్డు మీద రాసి పెట్టండి. ఊడదీసే పనికి కూడా రేటు ముందే చెప్పి, ఆ డబ్బు తగిలించిన రోజే కట్టించుకోండి. డబ్బు కట్టినవాళ్ళు గడువుకు వస్తారు. కట్టనివాళ్ళు ఇంట్లోనే కత్తెరతో, కొబ్బరినూనెతో పీకి, రాలిన జుట్టు కుచ్చుల్ని ఫొటో తీసి పంపుతారు.

ఆ ఫొటోకు జవాబు కూడా మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అతుకులో ఇరుక్కున్నవి రాలిపోయే దారిలేక అక్కడే ఉండిపోతాయి, రెండు నెలలవి ఊడదీసిన రోజు ఒక్కసారిగా కనబడతాయి. వాటిని దగ్గరగా చూపించండి. చివర చిన్న తెల్లటి గుండు ఉంటే అది సహజంగా రాలిన వెంట్రుక. గుండు లేకుండా మధ్యలో విరిగినవి ఎక్కువగా ఉంటే మాత్రం తప్పు మీ బిగింపుదే. రెండోసారి పెట్టేముందు ఆ అమ్మాయి తలకు కొన్ని వారాలు విరామం ఇచ్చి, తక్కువ గ్రాములతో మొదలుపెట్టాలి.